ఐదు కోట్లు లేని ఎంపీ

లాం ఫారం మిర్చి రకాలు వేసే రైతుకీ, ఏటా వ్యవసాయ పంచాంగం కొనుక్కునే రైతుకీ ఒక పేరు బాగా తెలుసు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. పుస్తకం అట్ట మీద ఆ పేరు చూస్తాం. లోపల ఏ తెగులుకి ఏ మందు కొట్టాలో చదువుకుంటాం. మళ్లీ గూట్లో పెడతాం. ఇంతకీ ఆ రంగా ఎవరయ్యా అని మన పల్నాటి కుర్ర రైతుల్ని అడిగితే, ఎవరో పెద్ద సైంటిస్టు అయ్యుంటాడండీ అనేవాళ్లే ఎక్కువ.

ఆయన సైంటిస్టు కాదు. పార్లమెంటు సభ్యుడు. మన పాత గుంటూరు జిల్లా మనిషి. పొన్నూరు పక్కన నిడుబ్రోలులో 1900 నవంబరు 7న రైతు ఇంట పుట్టారు. దాదాపు అరవై ఏళ్ల రాజకీయ జీవితంలో యాభై ఏళ్లు చట్టసభల్లోనే గడిపారు. అన్నేళ్లు పార్లమెంటులో ఉన్నందుకు గిన్నిస్ బుక్కులో కూడా ఎక్కారు. 1995 జూన్ 9న పోయారు. ఆ మరుసటి ఏడాది యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడాయన సంగతి ఎందుకంటారా? ఊళ్లోకి ఎంపీ గారు వస్తున్నారంటే మనం రాసిచ్చే అర్జీలు చూస్తున్నాను కాబట్టి. ఒక కమ్యూనిటీ హాలు. ఫలానా వారి ఇంటి నుంచి ఫలానా వారి ఇంటి దాకా సిమెంటు రోడ్డు. బస్సు షెల్టరు. సెంటర్లో పెద్ద లైటు స్తంభం. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ పది అర్జీలు తిరగేస్తే తొమ్మిదింట్లో పత్తి మాట ఉండదు, మిర్చి మాట ఉండదు, కౌలు రైతు మాట అసలే ఉండదు. సర్పంచి చెయ్యాల్సిన పని ఎంపీని అడుగుతున్నాం. ఎంపీ ఒక్కడే చెయ్యగలిగిన పని ఎవర్నీ అడగటం లేదు.

ఎంపీ నిధులు అని మనం చెప్పుకునే పథకం కేంద్రంలో 1993 డిసెంబరు 23న మొదలైంది. మొదటి ఏడు సభ్యుడికి ఐదు లక్షలు, తర్వాత కోటి, 1998 నుంచి రెండు కోట్లు, 2011 నుంచి ఐదు కోట్లు అయింది. రంగా గారు గుంటూరు ఎంపీగా దిగిపోయింది 1991లో. అంటే అన్నేళ్ల పార్లమెంటు జీవితంలో నియోజకవర్గం కోసమని ఒక్క రూపాయి కూడా ఆయన చేతికి రాలేదు. ఒక్క శిలాఫలకానికి సరిపడా డబ్బు కూడా ఆయన పద్దులో లేదు. మరి రైతులు ఆయన్ని అన్నిసార్లు ఎందుకు పంపించినట్టు?

దానికి ఆయన పని మొదలుపెట్టిన తీరు చూడాలి. గుంటూరు ఏ.సి. కాలేజీలో చదివి ఇంగ్లండు వెళ్లి, 1926లో ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో పాఠాలు చెప్పారు. అలాంటి చదువు చదివినవాళ్లు ఆ రోజుల్లో కలెక్టరు ఉద్యోగం వైపు చూసేవాళ్లు. ఈయన డెల్టా ఊళ్లు తిరిగి రైతు ఇంటి జమాఖర్చులు రాసుకున్నారు. ఎకరాకు ఎన్ని బస్తాలు, కూలి ఎంత, శిస్తు ఎంత, వడ్డీ ఎంత, చివరికి రైతు చేతిలో మిగిలేది ఎంత. ఆ లెక్కలతో పుస్తకం వేశారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. రైతు కష్టం గురించి కన్నీళ్లు పెట్టుకుని మాట్లాడేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. లెక్క తీసి బల్ల మీద పెట్టేవాళ్లే తక్కువ.

1930లో కాలేజీ ఉద్యోగం వదిలి స్వాతంత్య్ర ఉద్యమంలోకి దిగారు. ఆ ఏడే ఢిల్లీలో కేంద్ర శాసనసభ సభ్యుడయ్యారు. డెల్టాలో తెల్లదొరలు శిస్తు పెంచినప్పుడు రైతుల్ని కూడగట్టారు. జైలుకి వెళ్లారు. భార్య భారతీదేవి కూడా ఆ ఉద్యమాల్లో పనిచేశారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా గారు ప్రధాన కార్యదర్శి. ఆ తర్వాతి ఏడు మన ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన పోయారు. జమీందారీ ఊళ్ల బాధలు దారి పొడుగునా రాసుకుంటూ నడిచారు. ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన జమీందారీల మీద విచారణ సంఘం పడింది ఆ రోజుల్లోనే.

రాజ్యాంగ సభలో కూడా ఆయన ఉన్నారు. మైనారిటీల హక్కుల గురించి పెద్దపెద్దవాళ్లు మాట్లాడుతుంటే, ఈ దేశంలో అసలు మైనారిటీలు పల్లెల్లో ఉన్న పేద జనమే, వాళ్ల హక్కులు కాగితం మీద ఉంటే సరిపోదు, వాడుకునే స్థితి వాళ్లకి కల్పించాలి అనే అర్థంలో మాట్లాడారు. ఆ మాట ఇవాళ ఈ-క్రాప్ నమోదు కోసం సచివాలయం మెట్ల మీద కూర్చున్న కౌలు రైతుకి సరిగ్గా సరిపోతుంది.

స్వాతంత్య్రం వచ్చాక ఆయన దారి తిన్నగా సాగలేదు. 1951లో కాంగ్రెసు వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. మళ్లీ కాంగ్రెసులోకి వచ్చారు. 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. 1959 జనవరిలో నాగపూర్ మహాసభలో సహకార వ్యవసాయం తీర్మానం చేశారు. అంటే రైతులందరి పొలాలూ కలిపి ఉమ్మడిగా సాగు చెయ్యడం. నెహ్రూ గారి ముందు నోరెత్తే వాళ్లు లేని రోజులవి. రంగా గారు అడ్డం తిరిగారు. రైతు చేతిలో భూమి పోతే రైతే పోతాడన్నారు. పార్టీలో పదవి వదులుకుని బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యారు. ఆ పార్టీ మీద చిత్తూరు ఉప ఎన్నికలో ఒకసారి, 1967లో శ్రీకాకుళం నుంచి ఒకసారి గెలిచారు. 1971లో ఓడిపోయారు. తర్వాత కాంగ్రెసులోకే తిరిగొచ్చి 1980, 1984, 1989 మూడుసార్లూ గుంటూరు నుంచి గెలిచారు. 1984లో రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి వీచినప్పుడు కూడా ఆయన నిలబడ్డారు.

పార్టీలు మారాడన్న మాట ఆయన మీద ఉంది. నిజమే. అయితే మారినప్పుడల్లా ఎందుకు మారుతున్నాడో రైతుకి అర్థమయ్యేలా చెప్పి మారాడు. కాంట్రాక్టు కోసం మారాడని శత్రువు కూడా అనలేదు.

నిడుబ్రోలు బడి

ఆయన చేతి మీదుగా జరిగిన పనుల్లో, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది ఒక బడి. 1933 ప్రాంతంలో సొంత ఊరు నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టారు. పిల్లలకి అఆలు నేర్పే బడి కాదది. రైతుల్లోంచి, కూలీల్లోంచి వచ్చిన యువకులకి శిస్తు అంటే ఏమిటి, రుణం ఎట్లా పెరుగుతుంది, చట్టం ఎట్లా తయారవుతుంది, సభలో ఎట్లా మాట్లాడాలి, ఊళ్లో సంఘం ఎట్లా పెట్టాలి అని నేర్పిన బడి. కొన్ని వారాల పాటు తరగతులు. అక్కడ నేర్చుకుని వెళ్లినవాళ్లందరూ రంగా గారి వెనకే ఉండలేదు. కొందరు కమ్యూనిస్టులయ్యారు. ఆయన మీదనే పోటీగా మాట్లాడారు. ఆయన నేర్పిన పాఠం ఆయనకే అప్పజెప్పారన్న మాట. బడి బాగా నడిచిందనటానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇవాళ హాలు కట్టించిన ఎంపీ పేరు రాతి మీద ఉంటుంది. హాల్లో పెళ్లిళ్లు జరుగుతాయి. మంచిదే. కానీ ఆ హాల్లో కూర్చుని ఒక్క రైతు కూడా పంటల బీమా కాగితం చదవటం నేర్చుకోలేదు.

డెల్టా రైతు నాయకుడు మాకేం చేశాడని మాచర్ల, వెల్దుర్తి వైపు వాళ్లు అడగొచ్చు. అడగాలి కూడా. ఆయన లెక్కలు కాలువ కింద వరి పండే ఊళ్లవి. మనవి మెట్ట చేలు, నాపరాయి నేలలు. సాగర్ కుడి కాలువలోకి నీళ్లు వదిలిందే 1967 ఆగస్టు 4న. అంతకుముందు ఇక్కడ రైతుకి జొన్నా, సజ్జా, గొడ్లూ, అడవీ. మన పోరాటం శిస్తు పెంపు మీద కన్నా పుల్లరి మీద జరిగింది. గొడ్లు అడవిలో మేసినందుకు పన్ను కట్టమంటే కట్టబోమని మించాలపాడు కన్నెగంటి హనుమంతు నిలబడి 1922లో తూటాలకు బలైపోయాడు. పల్నాటి రైతుకి ధైర్యం తక్కువై కాదు, ఆ రోజున ఢిల్లీలో గానీ మద్రాసులో గానీ ఆయన మాట లెక్కకట్టి చెప్పే మనిషి లేకపోయాడు.

ఇంకో లోటు కూడా చెప్పుకోవాలి. రంగా గారు భూమి ఉన్న రైతు పక్షం. సొంత చేను, సొంత కాడెడ్లు ఉన్న సంసారి రైతే ఆయన కళ్లముందు ఉన్న రైతు. భూపరిమితి చట్టాలు వచ్చినప్పుడు ఆయన పార్టీ ఎదురు నిలిచింది. కూలీల పేరు, కౌలుదారుల పేరు ఆయన తలిచారు గానీ వాళ్లకీ భూస్వామికీ తగాదా వచ్చినచోట ఆయన గొంతు మెత్తబడింది. ఇవాళ పల్నాడులో మిర్చి, పత్తి వేసే వాళ్లలో కౌలుకు చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు. ఆ రైతుకి రంగా గారి పద్ధతి కావాలి. ఆయన విధానమంతా నెత్తికెత్తుకోనక్కర్లేదు.

మండలానికి పద్దెనిమిది లక్షలు

ఇక ఎంపీ నిధుల లెక్కకి వద్దాం. ఏడాదికి ఐదు కోట్లు. నరసరావుపేట పార్లమెంటు కింద అసెంబ్లీ నియోజకవర్గాలు ఏడు. పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల. 2022 ఏప్రిల్ 4న ఇదే పల్నాడు జిల్లా అయింది. మండలాలు 28. ఐదు కోట్లను 28తో భాగిస్తే మండలానికి పద్దెనిమిది లక్షల లోపు. అందులో నూటికి 15 వంతు ఎస్సీలు ఉండే చోట్లకి, ఏడున్నర వంతు ఎస్టీలు ఉండే చోట్లకి ఖర్చుపెట్టాలని నిబంధన. మన తండాల వాళ్లు, చెంచుల గూడేల వాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుని అడగాలి. డబ్బు ఎంపీ జేబులోకి రాదు. ఆయన సిఫారసు చేస్తాడు, కలెక్టరు మంజూరు చేస్తాడు. ప్రజలందరికీ పనికొచ్చే శాశ్వతమైన పనులకే ఇస్తారు. గుడికీ మసీదుకీ చర్చికీ ఇవ్వరు. సొంత పొలంలో బోరుకి ఇవ్వరు. చెక్‌డ్యాముకి, తాగునీటికి, బడి గదికి, లైబ్రరీకి ఇస్తారు. జీతాలకి ఇవ్వరు. కాబట్టి గది వస్తుంది, అందులో పాఠం చెప్పేవాడు రాడు.

కరోనా వచ్చినప్పుడు 2020 ఏప్రిల్లో ఈ నిధులు ఆపేశారు. 2021 నవంబరులో మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏడాదిన్నరలో ఊళ్లకి జరిగిన నష్టం ఏమిటని ఎవరన్నా అడిగారా? అడిగినట్టు నాకు తెలియదు. ఈ పద్ధతి మన దేశంలోనే ఉందనుకోవద్దు. పశ్చిమ ఆఫ్రికాలో ఘనా దేశంలో జిల్లా సభలకిచ్చే ఉమ్మడి నిధిలో ఎంపీకి కొంత వాటా ఉంటుంది. కెన్యాలో 2003లో ఏకంగా చట్టమే చేశారు. అక్కడా ఎంపీ అంటే బడి గది, మంచినీళ్ల బోరు, చదువుకునే పిల్లలకి ఫీజు. అక్కడి రైతు కూడా ఎంపీని మనలాగే చూడటం నేర్చుకున్నాడు. మన దగ్గర ఈ పథకం చెల్లదని కొందరు సుప్రీంకోర్టుకి పోతే 2010లో చెల్లుతుందని తీర్పు వచ్చింది. చెల్లనీ. చెల్లినంత మాత్రాన ఎంపీ పనంతా అదే అయిపోదు.

ఒక చిన్న లెక్క వేసుకోండి. మీ ఊళ్లో 500 ఎకరాల మిర్చి ఉందనుకుందాం. ఎకరాకు 20 క్వింటాళ్లు. క్వింటాలుకు ఐదు వేలు ధర పడిపోతే ఎకరాకు లక్ష. ఊరికి ఐదు కోట్లు. అంటే ఎంపీ గారికి ఏడాది మొత్తానికి ఇచ్చే నిధి మీ ఒక్క ఊరు ఒక్క సీజన్లో పోగొట్టుకుంది. పత్తి చూద్దాం. 500 ఎకరాలు, ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు, క్వింటాలుకు వెయ్యి తగ్గితే నలభై లక్షలు. రెండు మండలాల వాటా కన్నా ఎక్కువ. ఎనిమిది లక్షల సిమెంటు రోడ్డు కోసం పది సార్లు తిరిగిన ఊరు, ఈ ఐదు కోట్ల కోసం ఒక్కసారన్నా ఎంపీ ఇంటి గుమ్మం తొక్కిందా?

మిర్చి ధర యార్డులో పడిపోయినట్టు కనపడుతుంది. మందు పడాల్సింది ఢిల్లీలో. మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిర్చి లేదు. 2025 మొదట్లో ధర కూలిపోయినప్పుడు, మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు, 2.91 లక్షల టన్నుల వరకు అని ఫిబ్రవరిలో కేంద్రం నిర్ణయించింది. ఆ అంకె ఎవరు వేశారు? ఏ ఖర్చులు లెక్కలోకి తీసుకున్నారు? ఎకరా కౌలు నలభై వేలో యాభై వేలో కట్టిన రైతుకి ఆ అంకె గిట్టుతుందా? రంగా గారైతే దుర్గి మండలంలోనో, బొల్లాపల్లి మండలంలోనో ఇరవై మంది రైతుల జమాఖర్చులు చేతిలో పట్టుకుని సభలో లేచి నిలబడేవారు. ఆయన జీవితమంతా చేసింది ఆ పనే.

పత్తి సంగతి ఇంకా విడ్డూరం. 2025-26 సీజనుకి పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలని ఒక శాఖ ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టు 19న విదేశాల నుంచి వచ్చే పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం ఇంకో శాఖ ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మన పత్తి తీతలు మొదలై ఇంటికి చేరేది సరిగ్గా ఆ నెలల్లోనే. మిల్లు వాళ్ల కష్టం మిల్లు వాళ్లు చెప్పుకున్నారు, వాళ్ల మాట నెగ్గింది. మన కష్టం చెప్పాల్సిన నోళ్లు గట్టిగా చెప్పి ఉంటే ఇంకో విధంగా ఉండేదేమో. పైగా సీసీఐకి అమ్మాలంటే ఫోన్లో కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకోవాలి. తేమ 12 శాతం దాటకూడదు. స్మార్టు ఫోను లేని రైతు, భూమి తన పేర లేని రైతు పత్తిని ఎవరికి అమ్ముతాడు? ఊళ్లోకి వచ్చే చిల్లర కాటా వాడికి. అతను చెప్పిందే ధర, అతను తూచిందే తూకం.

పీఎం కిసాన్ ఆరు వేలు 2019 నుంచి వస్తున్నాయి. భూమి తన పేర ఉన్న రైతుకే. కౌలు రైతు ఆ పథకం దృష్టిలో రైతే కాడు. రాష్ట్రంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద కార్డు కావాలన్నా భూ యజమాని సంతకం చెయ్యాలి. పదకొండు నెలల ఒప్పందమే, భూమికి ఏ భయమూ లేదని చట్టంలో రాసినా, సంతకం అనగానే ఆసామి పక్కకి తప్పుకుంటాడు. రాష్ట్రంలో జరగాల్సింది రాష్ట్రంలో అడగాలి. కానీ పీఎం కిసాన్‌లో కౌలు రైతు పేరు ఎందుకు లేదన్నది మాత్రం ఎమ్మెల్యేని అడిగే ప్రశ్న కాదు. అది ఎంపీ లేచి అడగాల్సిన ప్రశ్న.

నీళ్ల విషయం వేరే చెప్పాలా? వరికపూడిశెల ఎత్తిపోతలకి ఎన్నిసార్లు రాళ్లు వేశారో వెల్దుర్తి వాళ్లని అడగండి, వేళ్ల మీద లెక్కపెడతారు. చివరగా 2023 నవంబరు 15న మాచర్లలో శంకుస్థాపన జరిగింది. మొదటి దశకి 340 కోట్లు, 24,900 ఎకరాలకి నీళ్లు అన్నారు. ఎంపీ నిధులతో కట్టాలంటే 68 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు దాన్ని ఆపింది ముఖ్యంగా డబ్బు కూడా కాదు. మధ్యలో అడవి, పులుల అభయారణ్యం. అటవీ అనుమతి, వన్యప్రాణి బోర్డు అనుమతి ఢిల్లీలో కదలాలి. ఆ ఫైళ్లు కదిలాకే 2023లో పని ముందుకొచ్చింది. 2024 డిసెంబరులో కేంద్రం కొత్త కేంద్రీయ విద్యాలయాలు ఇచ్చినప్పుడు మాచర్ల మండలం తాళ్లపల్లికి ఒకటి, రొంపిచర్లకి ఒకటి వచ్చాయి. అవి కూడా ఐదు కోట్లలోంచి వచ్చినవి కావు. ఎంపీ ఎవరైనా, ఏ పార్టీ అయినా, తన జేబు నిధి కన్నా ఢిల్లీలో తన కాళ్లకి ఉన్న విలువ ఎక్కువ. అక్కడ ఎంత తిరిగాడన్నదే మనం చూడాలి.

మళ్లీ ఒక బడి

నా అభిప్రాయం ఒక్కటే. నిడుబ్రోలు లాంటి బడి పల్నాడులో కావాలి. కొత్త భవనం అక్కర్లేదు. ఊరూరా రైతు సేవా కేంద్రాలున్నాయి. సాయంత్రం తాళం పడిపోతుంది. గ్రంథాలయాలున్నాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాలలో కాలేజీలున్నాయి. వేసవిలో అవి ఖాళీగానే ఉంటాయి. మిర్చి కళ్లాలు ఎత్తేశాక, దుక్కులు మొదలవకముందు పదిరోజులు చాలు. అడంగల్, వన్ బీ చదవటం, ఈ-క్రాప్‌లో పేరు చూసుకోవటం, బీమా షరతులు, పత్తి తేమ కొలవటం, యార్డు తక్‌పట్టీలో కోతలు పట్టుకోవటం, కౌలు కాగితం రాసుకోవటం. ఇవి నేర్పటానికి రిటైరైన వ్యవసాయాధికారులు, మేస్టార్లు, ప్లీడర్లు మన మధ్యనే ఉన్నారు. అడిగితే కాదనరు. ఆడవాళ్లని తప్పకుండా కూర్చోబెట్టాలి. కలుపు తీసేది, కాయ కోసేది, తాలు ఏరేది వాళ్లే. ఇంటి అప్పు లెక్క మగవాడి కన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఆ పదిరోజుల్లో చివరి రోజు ఒక పని చెయ్యాలి. ప్రతి రైతూ తన పంట జమాఖర్చు ఒక తెల్లకాగితం మీద రాయాలి. విత్తనం, దుక్కి, ఎరువులు, మందులు, కూలీలు, కౌలు, వడ్డీ, రవాణా, కమీషను, వచ్చిన బస్తాలు, వచ్చిన ధర. కౌలుకి చేసేవాడు కౌలుకి చేసినట్టే రాయాలి, దాచకూడదు. సొంత కష్టానికి కూడా కూలి కట్టి రాయాలి. మనం మాత్రం అది ఎప్పుడూ రాయం. ఊరికి ఇరవై కాగితాలు చేరితే అదే పెద్ద అర్జీ.

ఆ కాగితాలు ఎంపీ ఆఫీసులో ఇచ్చేటప్పుడు ప్రశ్న రూపంలో ఇవ్వండి. లోక్‌సభలో సభ్యుడు మంత్రిని ప్రశ్న అడగాలంటే కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాబట్టి సమావేశాలు మొదలవబోయే నెల ముందే మీ అర్జీ ఆయన చేతిలో పడాలి. బడ్జెటు సమావేశాలు జనవరి నెలాఖరులో మొదలవుతాయి గనుక మిర్చి కాగితాలు సంక్రాంతి లోపే చేరాలి. పత్తి కాగితాలు జూన్‌లో ఇస్తే వానాకాలం సమావేశాలకి అందుతాయి, దిగుమతి సుంకం సంగతి పంట ఇంటికి రాకముందే అడిగించొచ్చు. అడిగిన ప్రశ్నకి మంత్రి ఇచ్చిన జవాబు అచ్చులో ఉంటుంది. ఆ జవాబు కాపీ మా ఊరికి పంపండి అని అర్జీ కిందే రాయండి. ఊరి పేరు, మేజరు కాలువ పేరు, సర్వే నంబర్లు, అర్జీ ఇచ్చిన తేదీ వేసి ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.